మంటకు లొంగని నూనె

యుద్ధ ట్యాంకు అనగానే పొడవాటి ఫిరంగి గుర్తొస్తుంది. మందపాటి ఉక్కు గోడలు గుర్తొస్తాయి. ఆ ఫిరంగిని అటూ ఇటూ తిప్పే నూనె మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. ఆ నూనే అంటుకుని లోపలి సైనికులు కాలిపోయిన రోజులున్నాయి. అలా కాలని నూనె కోసం జరిగిన వెతుకులాటలో టెక్సాస్‌లోని ఓ టూరిస్టుల ఊరికీ భాగం ఉంది. ఆ ఊరి పేరు శాన్ ఆంటోనియో!

టెక్సాస్ అంటే మన తెలుగువాళ్లకు ముందు డల్లాస్, ఆ తర్వాత హ్యూస్టన్. శాన్ ఆంటోనియోకి ఎక్కువమంది వెళ్లేది సెలవుల్లో, చూసి రావడానికి. చూడాల్సినవి ఉన్నాయి కూడా. 1836లో మెక్సికో సైన్యంతో తలపడి రక్షకులు దాదాపు అందరూ ప్రాణాలొదిలిన అలామో ఇక్కడే ఉంది. ఊరి నడుమ వంకలు తిరుగుతూ నది పారుతుంది. దాని ఒడ్డునే హోటళ్లు, చెట్ల నీడ, చిన్న పడవలు... అదే రివర్ వాక్. స్పెయిన్ మతబోధకులు కట్టిన పాత మిషన్లను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ఊరికి ఇంకో పేరు మిలిటరీ సిటీ. చుట్టూ సైనిక, వైమానిక స్థావరాలే. ఆ సైన్యానికి సంబంధించిన చోట్లలో రెండింటి గురించి టూరిస్టు పుస్తకాలు పెద్దగా చెప్పవు. ఒకటి ఊరికి పడమట కులెబ్రా రోడ్డు మీద ఉన్న పరిశోధనశాల. రెండోది ఊరికి ఈశాన్యంగా ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో ఉన్న ఆసుపత్రి. మొదటిచోట నూనెల్ని మండించి చూస్తారు. రెండోచోట కాలిన మనుషుల్ని బతికిస్తారు.

యతి కోసం వెతికిన ఆసామి

కులెబ్రా రోడ్డులో ఉన్నది సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. విస్తీర్ణం 1,200 ఎకరాల పైమాటే. ఒకప్పుడు అదంతా పశువుల రాంచి. 1947లో టామ్ స్లిక్ అనే చమురు వ్యాపారి ఆ నేలలో ఈ సంస్థను స్థాపించాడు. తండ్రి పేరు కూడా టామ్ స్లిక్కే. 1912లో ఓక్లహోమాలోని కుషింగ్ దగ్గర చమురు పడేదాకా బావులు తవ్వించిన మొండివాడాయన. కొడుకుదీ అదే మొండితనం, కాకపోతే దారి వేరు. 1957లో మంచుమనిషి యతిని పట్టుకుంటానని ఏకంగా నేపాల్ కొండలెక్కాడు! యతి దొరకలేదు. 1962లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. ఆయన పెట్టిన సంస్థ మాత్రం ఎదిగింది. 2015లో ప్లూటో పక్కనుంచి దూసుకెళ్లి ఫొటోలు పంపిన న్యూ హొరైజన్స్ ప్రయోగానికి నాయకత్వం వహించింది ఈ సంస్థ శాస్త్రవేత్తలే.

స్లిక్ యతి వేటకు వెళ్లిన 1957లోనే ఈ ఆవరణలో అమెరికా సైన్యం ఒక ప్రయోగశాల పెట్టింది. సైన్యం బళ్లలో పోసే ఇంధనాలు, ఇంజిన్ ఆయిళ్లు, గ్రీజులు, హైడ్రాలిక్ నూనెలు... వీటి గుణదోషాలు తేల్చడం దాని పని. ప్రయోగశాల సైన్యానిది, నడిపేది ఇన్‌స్టిట్యూట్. దశాబ్దాలుగా పేర్లు మారుతూ వచ్చాయి కానీ పని మారలేదు.

నూనెకు ట్యాంకులో పనేంటి?

ఊళ్లో పొక్లెయిన్ మట్టి తవ్వుతుంటే చూసే ఉంటారు. ఆ ఇనుప చేతిని పైకీ కిందికీ ఆడించేది గొట్టాల్లోని నూనె. ఒకచోట పంపుతో నూనెను ఒత్తితే ఆ ఒత్తిడి ఇంకోచోట పిస్టన్‌ను నెడుతుంది. టిప్పర్ వెనక తొట్టి లేచేదీ, కారు బ్రేకు పడేదీ ఈ సూత్రంతోనే. ట్యాంకులో ఫిరంగి ఉండే పైభాగాన్ని టరెట్ అంటారు. టన్నుల బరువుండే టరెట్‌ను సెకన్లలో కావాల్సిన వైపు తిప్పాలి. బండి గతుకుల్లో ఎగురుతున్నా ఫిరంగి గురి చెదరకూడదు. ఎన్నో ట్యాంకుల్లో ఈ పని హైడ్రాలిక్ నూనెదే. గుండు పేలినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నే తాపును ఓర్చుకోవడంలోనూ దాని పాత్ర ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ నూనె పీపాలో ప్రశాంతంగా లేదు. తీవ్రమైన ఒత్తిడితో, సైనికులు కూర్చున్నచోటే సన్నటి గొట్టాల్లో ఉంది. గొట్టానికి చిల్లు పడితే నూనె కారదు. పొగమంచులా చిమ్ముతుంది.

పంపు స్టవ్వు వెలిగించిన తరానికి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. గిన్నెలో పోసిన కిరసనాయిలు అగ్గిపుల్ల చూపించగానే భగ్గుమనదు. అదే కిరసనాయిలును పంపు కొట్టి సన్నటి రంధ్రంలోంచి చిమ్మితే బుస్సుమని మండుతుంది. నూనె చిన్న చిన్న తుంపరలైతే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిప్పుకు అంతకన్నా కావాల్సిందేముంది!

ఇది ట్యాంకులకే పరిమితమైన గండం కాదు. 1954 మే 26న అమెరికా విమాన వాహక నౌక బెన్నింగ్టన్‌లో విమానాల్ని విసిరే యంత్రం నుంచి హైడ్రాలిక్ ద్రవం కారి పేలుడు జరిగింది. 103 మంది చనిపోయారు. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ బొగ్గుగనిలో ఒక టబ్బు తగిలి నూనె గొట్టం, కరెంటు తీగలు తెగాయి. ఆ మంటల్లో 262 మంది కార్మికులు బలయ్యారు. భూగర్భ గనుల్లో తేలిగ్గా మండే హైడ్రాలిక్ నూనె వద్దనే ఆలోచన యూరప్‌లో బలపడింది ఆ తర్వాతే.

అక్టోబరు 1973

ట్యాంకుల వాళ్లకు ఆ పాఠం 1973 అక్టోబరులో ఎదురైంది. ఒకవైపు సినాయ్ ఎడారిలో ఈజిప్టు, మరోవైపు గోలాన్ కొండల్లో సిరియా... రెండు వైపులా ఇజ్రాయెల్‌తో యుద్ధం. ఇజ్రాయెల్ దగ్గరున్న ట్యాంకుల్లో చాలా భాగం అమెరికా తయారీ ఎం-48లు, ఎం-60లు. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు మగాఖ్. టరెట్ తిరిగేది హైడ్రాలిక్ నూనెతోనే. పెట్రోలియం నుంచి తీసిన ఆ నూనె ఎర్రగా ఉండేది. అమెరికా ట్యాంకు సిబ్బంది దాన్ని ముద్దుగా చెర్రీ జ్యూస్ అనేవారు.

యుద్ధంలో అది ముద్దు మాటగా మిగల్లేదు. క్షిపణి గానీ ఫిరంగి గుండు గానీ కవచాన్ని చీల్చి లోపలికొచ్చినప్పుడు నూనె గొట్టాలు తెగేవి. చిమ్మిన నూనె ఎర్రగా కాలిన ఉక్కు ముక్కలకు తగిలి అంటుకునేది. కవచం చిల్లుతో పోవాల్సింది కాస్తా ట్యాంకు మొత్తం కొలిమి అయ్యేది. దెబ్బ తగిలి బతికిన సైనికుడికి బయటపడే వ్యవధి ఉండేది కాదు. 'మగాఖ్' అక్షరాలకు 'కాలిన శవాల్ని మోసే బండి' అని సైనికులు చేదుగా అర్థం చెప్పుకునేవారట.

లోపం ఎక్కడుందో అంకెల్లోనే తెలుస్తుంది. నూనెను వేడిచేస్తూ పోతే ఒక దశలో పైకి లేచే ఆవిరి మంట చూపగానే ఒక్కసారి భగ్గుమని ఆరిపోతుంది. ఆ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. పాత నూనెకు సైన్యం అడిగిన ఫ్లాష్ పాయింట్ కనీసం 82 డిగ్రీల సెల్సియస్. మన వంటింట్లో గారెలు వేగే నూనె వేడి 170, 180 డిగ్రీలుంటుంది. అంటే గారెల బాండీకి ఉన్నపాటి నిబ్బరం కూడా లేని నూనెను ట్యాంకులో, మనుషుల పక్కన పెట్టారన్నమాట!

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం మేలుకుంది. విమానాల కోసం ఒహాయోలోని డేటన్ దగ్గర వైమానిక దళ ప్రయోగశాల అప్పటికే ఒక కొత్తరకం నూనె మీద పనిచేసింది. దానికి తుప్పు పట్టనివ్వని మందు కలిపి, 1970ల మధ్యలో ట్యాంకులకు పనికొచ్చేలా చేశారు. సైన్యం పెట్టిన నంబరు 46170. కనీస ఫ్లాష్ పాయింట్ 218 డిగ్రీలు!

నూనె వండటం ఎలా?

ఈ నూనె భూమిలోంచి తీసి వడబోసింది కాదు. ఇథిలీన్ వాయువు నుంచి మొదలుపెట్టి, చిన్న అణువుల్ని ఒకే కొలతలో గొలుసుల్లా అతికించి తయారుచేస్తారు. పేరు పాలీ ఆల్ఫా ఓలెఫిన్. ఖరీదైన కార్లలో పోసే సింథటిక్ ఇంజిన్ ఆయిల్‌లోనూ ఇదే ఉంటుంది. పెట్రోలియం నూనెలో చిన్నవీ పెద్దవీ రకరకాల అణువులుంటాయి. చిన్నవి త్వరగా ఆవిరై నిప్పును పిలుస్తాయి. సింథటిక్ నూనెలో ఆ చిల్లర అణువుల గొడవ తక్కువ.

కానీ ఇది ఒక్కటే పోస్తే సరిపోదు. గొట్టాల అతుకుల దగ్గర రబ్బరు వాషర్లుంటాయి. ఈ నూనెలో అవి కుంచించుకుపోతాయి, కారడం మొదలవుతుంది. అందుకని రబ్బరును కాస్త ఉబ్బించే ఎస్టర్ అనే ఇంకో ద్రవం కలుపుతారు. అది ఎక్కువైతే రబ్బరు మెత్తబడి చిరుగుతుంది. లోహం అరగకుండా ఒక మందు, వేడికి నూనె చిక్కబడకుండా ఇంకొకటి, తుప్పు రాకుండా మరొకటి... ఒకదానికి మంచిదని వేసిన మందు ఇంకోదాన్ని చెడగొట్టకూడదు. ఉప్పు, పులుపు, కారం సరితూగాల్సిన పులుసులాంటిదే ఇదీ.

తుప్పు మందు అంత ముఖ్యమా అని అడగొచ్చు. విమానం రోజూ ఎగురుతుంది. ట్యాంకు అలా కాదు. నెలల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉంటుంది. గాలిలో తేమ లోపల చేరుతుంది. తీరా యుద్ధం వచ్చిన రోజున టరెట్ బిగుసుకుపోతే అంతే సంగతులు. అందుకే విమానాల నూనెను ఉన్నదున్నట్టుగా ట్యాంకులో పోయలేదు. బేరియం కలిసిన తుప్పు మందు అప్పట్లో బాగా పనిచేసింది. తర్వాతి కాలంలో వాడేసిన నూనెను పారబోయడం దగ్గర అదే బేరియం తలనొప్పి అయింది. దాంతో బేరియం లేని మందుల కోసం మళ్లీ పరిశోధన మొదలైంది.

కాల్చి, గడ్డకట్టించి, నలిపి...

కంపెనీ తన నూనె గొప్పదని చెబితే సైన్యం నమ్మదు. నమూనా అన్ని పరీక్షలూ దాటాకే అర్హత పొందిన ఉత్పత్తుల జాబితాలోకి ఎక్కుతుంది. ఆ పరీక్షలు వింటే పదో తరగతి పిల్లలకి పబ్లిక్ పరీక్షలే నయమనిపిస్తుంది!

మొదటి పరీక్ష నిప్పుతో. ఒత్తిడి పెట్టిన నూనెను సన్నటి నాజిల్ నుంచి చిమ్ముతూ మంట చూపిస్తారు. మంట తీసేశాక తుంపర తనంతట తాను ఆరిపోతుందా, మండుతూనే ఉంటుందా అన్నది చూస్తారు. ఇంకో పరీక్షలో 704 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చిన ఉక్కు గొట్టం మీద నూనెను బొట్లు బొట్లుగా వేస్తారు. మరోదాంట్లో నూనెలో నానబెట్టిన వత్తిని మంటలోంచి పదే పదే అటూ ఇటూ దాటిస్తారు. ఎన్నోసారికి అంటుకుందో లెక్క.

నిప్పు అయ్యాక చలి. చలికాలంలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టడం మనకు అలవాటే. ట్యాంకు నూనె అలా గడ్డకట్టడానికి వీల్లేదు. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా పంపు లాక్కోగలిగేంత పలుచగా ఉందా లేదా అని కొలుస్తారు.

తర్వాత రాపిడి. అరంగుళం ఉక్కు గోళీలు మూడు కదలకుండా బిగించి, వాటి మధ్య నాలుగో గోళీని బరువు పెట్టి తిప్పుతారు. నిమిషానికి 1,200 చుట్లు, గంట సేపు. అంతా నూనెలోనే. ఆ తర్వాత గోళీల మీద పడిన గాటును మైక్రోస్కోపులో కొలుస్తారు. గాటు మిల్లీమీటరులో కొద్ది భాగం పెరిగినా నూనె తప్పినట్టే.

రబ్బరు ముక్కను 70 డిగ్రీల నూనెలో 168 గంటలు, అంటే సరిగ్గా వారం రోజులు ఉంచుతారు. అది ఉబ్బాలి, మరీ ఉబ్బకూడదు. నూనె పూసిన ఉక్కు పలకల్ని 49 డిగ్రీల ఆవిరి పెట్టెలో వేలాడదీసి తుప్పు చుక్కల కోసం వెతుకుతారు. చివరికి దుమ్ము లెక్క. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అయిదు మైక్రాన్ల రేణువుల్ని కూడా ఇక్కడ లెక్కపెడతారు. వాల్వుల్లోని సందులు అంత సన్నటివి మరి.

ఒకటి దక్కితే ఒకటి పోతుంది

ఇన్ని దాటిన నూనె అన్నిటా గెలిచిందా అంటే లేదు. మంటను తట్టుకునే కొత్త నూనె మైనస్ 40 డిగ్రీల వరకే పనిచేస్తుంది. పాత చెర్రీ జ్యూస్‌కు మైనస్ 54 వరకూ ఢోకా లేదు. మైనస్ 40 దగ్గర కొత్త నూనెకు అనుమతించిన చిక్కదనం పాతదానికి మూడు రెట్లకు పైనే. ఆవిరయ్యే చిన్న అణువుల్ని తీసేస్తే మంట తగ్గింది, చలిలో పలుచగా ఉండే గుణమూ వాటితోపాటే పోయింది. గడ్డకట్టే చలిలో టరెట్ కదలకపోవడం కూడా చావుతో సమానమే. అందుకే మండే గుణమున్నా పాత నూనెను సైన్యం పూర్తిగా వదులుకోలేకపోయింది.

అసలు మండనే మండని నూనె లేదా? దాన్నీ తయారుచేశారు. క్లోరిన్, ఫ్లోరిన్ కలిసిన ద్రవం అది. నిప్పుకు చలించదు. కానీ నీటికి దాదాపు రెండింతలకు దగ్గరగా బరువు. ఉన్న రబ్బరు వాషర్లకు సరిపడదు. పంపుల నుంచి అన్నీ కొత్తగా మార్చుకోవాలి. ఖరీదూ ఎక్కువే. దాంతో ఆ ద్రవం మామూలు ట్యాంకుల దాకా రాలేదు.

మరి నీళ్లు కలపొచ్చుగా? గనుల్లో చేసేది అదే. మన సింగరేణిలో, రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పును మోసే హైడ్రాలిక్ దిమ్మెల్ని చూడండి. అలాంటి దిమ్మెల్లో పనిచేసేది కొద్దిపాటి నూనె కలిపిన నీళ్లే. మంటన్న భయం లేదు. గనిలో నీళ్లు గడ్డకట్టే చలీ లేదు. ట్యాంకుకు ఆ సౌకర్యం లేదు. ఈ రోజు ఎడారిలో ఉంటే రేపు మంచులో ఉండాలి. శాన్ ఆంటోనియో ప్రయోగశాలే డీజిల్‌లో పది శాతం నీళ్లు కలిపి, తూటా దెబ్బకు అంటుకున్నా తనంతట తాను ఆరిపోయే ఇంధనాన్ని తయారుచేసి చూసింది. ఆ డీజిల్ మాత్రం సైన్యంలో వాడకంలోకి రాలేదు.

ఇంకొందరు అసలు నూనే వద్దనుకున్నారు. బ్రిటన్ సెంచూరియన్ ట్యాంకులో టరెట్‌ను తిప్పేది మొదటినుంచీ కరెంటు మోటారే. 1973లో కాలినవాళ్లను కళ్లారా చూసిన ఇజ్రాయెల్, 1989లో వచ్చిన మెర్కావా-3లో కరెంటు మోటార్లు పెట్టింది. జర్మనీ లెపర్డ్-2 కూడా 1990ల్లో అదే బాట పట్టింది. అమెరికా ఎం-1 ఏబ్రమ్స్ మాత్రం మంట తట్టుకునే నూనెను నమ్ముకుని హైడ్రాలిక్ పద్ధతిలోనే వచ్చింది. మోటార్లు పెట్టినా నూనెతో పని తీరిపోదు. ఫిరంగి తాపును ఓర్చుకోవడానికి, చెడిన బండిని లేపడానికి, వాగు మీద వంతెన పరవడానికి నూనె కావాల్సిందే.

ఊరికి అటు వైపు

పడమటి ప్రయోగశాలలో ఇంత తంటా ఎందుకో తెలియాలంటే ఊరు దాటి ఈశాన్యంగా ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌కు రావాలి. అక్కడి బ్రూక్ ఆర్మీ మెడికల్ సెంటర్‌లో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉంది. 1949 నుంచి కాలిన గాయాల మీద ఇక్కడ పరిశోధన, వైద్యం సాగుతున్నాయి. అమెరికా రక్షణ శాఖ మొత్తానికీ ఉన్న బర్న్ సెంటర్ ఇదొక్కటే. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల్లో కాలిన సైనికుల్ని జర్మనీ మీదుగా విమానాల్లో ఇక్కడికే తెచ్చారు. దక్షిణ టెక్సాస్‌లో స్టవ్వు పేలి కాలిన ఇల్లాలికీ, కర్మాగారంలో గాయపడిన కార్మికుడికీ కూడా దీని తలుపులు తెరిచే ఉంటాయి.

ఒళ్లు కాలిన మనిషికి మొదటి 24 గంటల్లో ఎంత సెలైన్ ఎక్కించాలో లెక్కచెప్పే బ్రూక్ ఫార్ములా 1950ల్లో ఇక్కడే పుట్టింది. డల్లాస్‌లో తయారైన పార్క్‌లాండ్ ఫార్ములాతో పాటు దీన్నీ ప్రపంచమంతటా డాక్టర్లు చదువుకుంటారు. కాలిన పుండ్లలో చీము చేరి చనిపోయేవారిని కాపాడిన మాఫెనైడ్ లేపనాన్ని 1960ల్లో ఈ వైద్యులే వాడకంలోకి తెచ్చారు.

అయినా అక్కడి వైద్యం నెలల తరబడి సాగుతుంది. చర్మం అతకాలి, వేళ్లు మళ్లీ ముడవాలి, అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడాలి. ఏ లేపనమూ పాత చర్మాన్ని తిరిగి ఇవ్వలేదు. 82 డిగ్రీల నూనెకూ 218 డిగ్రీల నూనెకూ తేడా ఏమిటంటే కాగితం మీద 136 డిగ్రీలు. ట్యాంకులో అదే, మూత తెరుచుకుని బయటికి దూకడానికి దొరికే నాలుగు క్షణాలు.

ప్రయోగశాలలో నూనె పరీక్ష తప్పితే ఒక నమూనా పీపా వెనక్కి వెళుతుంది. అక్కడ తప్పు దాటిపోతే దాని ఫలితం తేలేది ఇలాంటి వార్డులోనే.